62 లింకులు

పదకొండు దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి కూర్చున్నాను. "ఇంకా ఆ గ్రూపు గొడవేనా?" అని మావారు అటు తిరిగి పడుకున్నారు. అవును, అదే. పైగా ఉక్కపోత. మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి ఉంది, చినుకు మాత్రం లేదు.

సాయంత్రం విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగి ఉండగా మా టీచర్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. "టీచర్లకు ఉపయోగపడే 62 వెబ్‌సైట్లు, అందరూ తప్పక సేవ్ చేసుకోండి" అని ఒక పీడీఎఫ్. పెట్టింది భీమిలి వైపు స్కూల్లో కొత్తగా చేరిన అమ్మాయి. రెండు నిమిషాల్లో పదిహేను మంది దండాలు, చప్పట్లు పెట్టేశారు. ఒక్కరైనా ఒక్కటి తెరిచి చూశారా? రెండు నిమిషాల్లో ఏం చూస్తారు?

నేను చూశాను. గోపాలపట్నం వచ్చేలోపు 19 తెరిచాను. ఏడు అసలు రాలేదు. నాలుగింటిలో పేజీ వచ్చింది కానీ బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. అవి ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్ కాలం నాటివి. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌ను ఆపేసింది. ఆ రోజుల్లో తయారైన సైన్సు యానిమేషన్లు ఎన్నో అలా మూలపడ్డాయి. అంటే ఎవరో ఏనాడో రాసుకున్న జాబితా గ్రూపులన్నీ తిరిగి తిరిగి మా దాకా వచ్చిందన్నమాట. మూడింటికి నెలనెలా డబ్బు కట్టాలి. మిగతా ఐదూ మంచివే కావచ్చు, కానీ ఏ తరగతికి, ఏ పాఠానికి, ఎంతసేపు పడుతుంది, నెట్ లేకపోతే నడుస్తుందా, ఒక్క ముక్క రాసి లేదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. గ్రూపులోనే రాసేశాను. "వీటిలో మీరు క్లాసులో వాడి చూసినవి ఎన్ని మేడమ్?"

ఆ తర్వాత ఒక్కరూ మాట్లాడలేదు. కాసేపటికి "సారీ మేడమ్" అని ఆ అమ్మాయి రాసింది. ఆ వెంటనే పీడీఎఫ్ కూడా తీసేసింది.

అన్నం తింటున్నప్పుడు కూడా నేను అడిగింది సరైనదే అనుకున్నాను. మాకు ఉండేది ముప్పావుగంట పీరియడు. అందులో హాజరు, నిన్నటి నోట్సు, ఎవరో ఏడవడం, ఇంకెవరో నీళ్ళకు వెళ్ళడం పోగా మిగిలేది అరగంట. ఆ అరగంటలో తెరుచుకోని లింకు పట్టుకుని నిలబడితే నలభై మంది ముందు మన పరిస్థితి ఏమిటో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. పిల్లలు మర్యాదగా ఎదురుచూస్తారు. అదే ఇంకా బాధ.

ఈ రోజు ఏడో తరగతికి విద్యుత్ పాఠం చెప్పాను కదా. ఫెట్ సిమ్యులేషన్ పెట్టాను, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగం. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి అవి. తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి. ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్‌తో పని లేదు. బ్యాటరీ, తీగలు, బల్బు లాగి కలుపుకోవడమే. బల్బు లేకుండా తీగను బ్యాటరీ రెండు కొసలకూ కలిపితే తెర మీద మంట లేస్తుంది. "టీచర్, అగ్గంటుకుంది!" అని వెనక బెంచీ వాళ్ళంతా లేచి నిలబడ్డారు. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేకపోయింది. అది బాగా జరిగింది. కానీ దాని వెనుక ఆదివారం పొద్దున నేను కూర్చున్న రెండు గంటలున్నాయి. ముందు పిల్లలను ఏం అడగాలి, ఎక్కడ ఆపాలి, ఏ మీట వాళ్ళకు కనపడకూడదు, ఇవన్నీ రాసుకున్నాను. అవన్నీ ఏ జాబితాలోనూ ఉండవు. అందుకే పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ పెట్టాలన్న ఆలోచన నాకు నచ్చింది. పాఠాల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్ష పోర్టల్ 2017లో వచ్చినప్పటి నుంచీ ఆ మాట అంటూనే ఉన్నాను. వనరు అనేది పాఠం పక్కనే ఉండాలి, ఎక్కడో కాదు.

ఇదంతా రాద్దామనే కంప్యూటర్ తీశాను. పీడీఎఫ్ నా ఫోన్లో ఉండిపోయింది. మిగతావి కూడా చూసి, ఎన్ని పనికిరానివో లెక్క రాసి పెడదామనుకున్నాను. 41వది స్టోరీవీవర్, పిల్లల కథల సైటు. 57వది దగ్గర ఆగిపోయాను.

అరవింద్ గుప్తా సైటు.

2010లో ఆ అడ్రసు నాకు లెక్కల మాస్టారు బస్సు టికెట్ వెనకాల రాసిచ్చారు. అప్పటికి ఇంట్లో నెట్ లేదు. శనివారం మధ్యాహ్నం ద్వారకానగర్లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాను. మేడ మీద గది, ఒక్కటే ఫ్యాను, పక్కన కుర్రాళ్ళు ఏవో ఆటలు ఆడుతున్నారు. సైటు తెరిస్తే పుస్తకాలే పుస్తకాలు, అన్నీ ఉచితం. తెలుగువి కూడా ఉన్నాయి. ఐఐటీలో చదివిన మనిషి చెత్తలోంచి, అగ్గిపుల్లల్లోంచి బొమ్మలు చేస్తూ కూర్చున్నాడేమిటి అనుకున్నాను (2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్‌లో అందరికీ మిఠాయి పంచింది నేనే). గంట కోసం వెళ్ళినదాన్ని నాలుగు గంటలున్నాను. పన్నెండు పేజీలు ప్రింటు తీయించుకున్నాను.

సోమవారం సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు, అదే సన్నటి రబ్బరు గొట్టం, కొన్నాను. సెంటీమీటరు ముక్కలుగా కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లలను రెండు వైపులా గుచ్చాలి. మూడు పుల్లలు కలవాలంటే ట్యూబుకి తుమ్మముల్లుతో రంధ్రం చేసి అందులోంచి ఇంకో పుల్ల దూర్చాలి. ముళ్ళు పిల్లలే తెచ్చారు, బడి వెనకాల బోలెడు. నాలుగు పుల్లల చతురస్రం చేసి నొక్కితే పక్కకు ఒరిగి రాంబస్ అయిపోయింది. ఐదు పుల్లలది నొక్కితే పడవలా మారింది. త్రిభుజం మాత్రం ఎంత నొక్కినా కదల్లేదు. ఒక పిల్లాడు చాలాసేపు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "టీచర్, మా నాన్న పని చేసే కాడ క్రేన్ నిండా ఇయ్యే ఉంటాయి" అన్నాడు. వాళ్ళ నాన్న హార్బర్లో కూలీ. అప్పటిదాకా ఆ పిల్లాడు క్లాసులో నోరు విప్పిన గుర్తు లేదు నాకు.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

మరి ఆ మాస్టారు నాకు ఇచ్చింది ఏమిటి? లింకే కదా. ఏ తరగతికో, ఎన్ని నిమిషాలో ఆయన కూడా రాయలేదు. ఆయన ఆ సైటు తెరిచి చూశారో లేదో కూడా నేను అడగలేదు. "బాగుందట, చూడమ్మా" అన్నారు, అంతే. ఆ రోజు నేను ఆయన్ని "మీరు వాడి చూశారా మాస్టారూ?" అని నలుగురిలో అడిగి ఉంటే?

పోయిన శిక్షణలో ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది. ఒకటి నుంచి ఐదు దాకా ఒక్కతే టీచరు. ఒక తరగతికి చెబుతుంటే మిగతా నాలుగూ ఖాళీ. "రాత్రిళ్ళు కూర్చుని ఏవో వెతుకుతుంటాను మేడమ్, రేపటికి ఏదో ఒకటి ఉండాలి కదా" అంది. అప్పుడు ఊఁ కొట్టాను. ఈ రోజు అది గుర్తే రాలేదు.

తెరుచుకోని లింకుల మీద నా కోపం మాత్రం పోలేదు. పనికిరానివి తీసేసి పెట్టి ఉండాల్సింది, అది నిజమే. కానీ ఆ మాట ఆమెకు విడిగా చెప్పాలి, ఫోన్ చేసి చెప్పాలి. పదిహేను మంది చూస్తుండగా కాదు.

ఆమెకు రాస్తున్నాను ఇప్పుడు. సారీ ఒక్కటే రాస్తే సరిపోదు. 41వది ఆమె కోసమే ఉన్నట్టుంది. స్టోరీవీవర్ ప్రథమ్ బుక్స్ వాళ్ళది, 2015లో పెట్టారు. కథలు తెలుగులోనూ ఉన్నాయి, స్థాయిల వారీగా ఉంటాయి. దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మన ఊరి పేర్లు పెట్టి మార్చుకోవచ్చు కూడా. మూడో తరగతికి ఒక కథ, ఐదో తరగతికి ఒకటి ప్రింటు తీసి ఇస్తే, ఆమె ఒకటో తరగతి దగ్గర పావుగంట కూర్చోవచ్చు. ఏ కథలో నేను ఎంచి రాస్తాను. 57 గురించి రాయడం కష్టం, చేతిలో పెట్టి చూపించాలి.

బీరువా పైనున్న బిస్కెట్ డబ్బా దించాను. అప్పటి ట్యూబు ముక్కలు ఇంకా ఉన్నాయి. పట్టుకుంటే పెళుసుగా విరిగిపోతున్నాయి. రేపు వచ్చేటప్పుడు సైకిల్ షాపు దగ్గర దిగాలి. రెండు మీటర్లు చాలనుకుంటా, ఒకటి నాకు, ఒకటి ఆమెకు.