బోర్డు పెట్టారు, పీఈటీని పెట్టలేదు

దసరాకి ఊరెళ్లినప్పుడు మా చిన్నాన్న కొడుకు, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, "అన్నా, మా గ్రౌండ్ చూద్దువు రా" అని వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. వాడలోంచి కిలోమీటరున్నర నడిచాం. వైకుంఠధామం, అంటే శ్మశానం, దాటాక "తెలంగాణ క్రీడా ప్రాంగణం" అని బోర్డు, దాని వెనక ముప్పావు ఎకరం దాకా చదును చేసిన నేల. వాలీబాల్ స్తంభాలు రెండూ నిలబడే ఉన్నాయి, నెట్ లేదు. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక ఉండాల్సిన చోట తుమ్మ మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. మరి మీరెక్కడ ఆడుకుంటార్రా అంటే, వాడలోనే, కరెంటు స్తంభానికీ వేపచెట్టుకీ తాడు కట్టి ఆడతామన్నాడు.

ఈ క్రీడా ప్రాంగణాల పథకాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. 2022 జూన్ 2న రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు అది మొదలైనప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది, ఎందుకంటే ఊరు చిన్నదైనా పెద్దదైనా ప్రతిచోటా పిల్లలకి ఒక ఆటస్థలం ఉండాలని ప్రభుత్వం అనుకోవడం చిన్న విషయం కాదు. నా చిన్నప్పుడు మాకున్న ఒకే ఒక్క గ్రౌండ్ బడిది. వరి కోతలు మొదలైతే అందులో వడ్లు ఆరబోసేవాళ్లు, కాంటాలు అయ్యేదాకా మాకు ఆట లేదు. రైతులనీ అనలేం, కల్లాలు లేకపోతే వాళ్లు మాత్రం ఎక్కడ పోసుకుంటారు.

కానీ ఈ ప్రాంగణాలకి ఎక్కువగా వాడింది ఉపాధి హామీ డబ్బు. దాంతో నేల చదును చేయొచ్చు, గుంత తవ్వొచ్చు, స్తంభాలు పాతొచ్చు. చిరిగిన నెట్ మార్చడానికో, సాయంత్రం ఐదింటికి వచ్చి విజిల్ ఊదే మనిషికి జీతం ఇవ్వడానికో ఆ డబ్బు రాదు. ఇక స్థలం సంగతి. సర్కారు భూమి ఎక్కడ మిగిలి ఉంటే అక్కడే ఇస్తారు, మా ఊళ్లో అది మిగిలింది శ్మశానం పక్కన. పొద్దుగూకాక లైటు కూడా లేని ఆ దారిలో ఏ తల్లీ ఆడపిల్లని ఆటకి పంపదు. అంటే ఊళ్లో సగం మంది పిల్లలకి ఆ గ్రౌండ్ లేనట్టే.

వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవంజి దీప్తి గురించి మీకు తెలిసే ఉంటుంది. తల్లిదండ్రులు కూలి పనులకి వెళ్లేవాళ్లు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల పరుగు టీ20 విభాగంలో, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో, 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం, కోచ్‌కి 10 లక్షలు ప్రకటించింది. ఇవ్వాల్సిందే, ఆ అమ్మాయి పడ్డ కష్టానికి అది ఎక్కువేమీ కాదు. నా బాధ వేరే. ఆమెలో పరుగు ఉందని ముందు గమనించింది బడిలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే పీఈటీ. అలాంటి సారు లేని బడిలో చదివే పిల్ల సంగతేంటి? పతకం వచ్చాక ఇచ్చే డబ్బు పతకం తెచ్చినవాళ్లకే చేరుతుంది, దానికి ముందు ఖర్చుపెట్టే డబ్బు ఊరంతటికీ చేరుతుంది.

ముందే ఖర్చుపెడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద నేర్పించారు, డార్జిలింగ్ పంపించారు, అదంతా వాళ్ల పేర్లు ఎవరికీ తెలియకముందు గురుకులం పెట్టిన ఖర్చు.

కళ విషయానికొస్తే మా వాడలోనే చూపిస్తాను. డప్పు కొట్టే కుర్రాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు, బోనాలకీ పెళ్లిళ్లకీ చుట్టుపక్కల మండలాల నుంచి పిలుపులొస్తాయి. ప్రాక్టీసు మాత్రం ఎవరి వాకిట్లోనో మంట వేసుకుని, డప్పు కాచుకుని చేయాలి. పక్కింట్లో ముసలాయనకి ఆయాసం, ఎదురింట్లో పిల్లకి పరీక్షలు, పది నిమిషాల్లో ఆపేయాలి. వంద గజాల దూరంలో ప్రభుత్వం కట్టిన కమ్యూనిటీ హాలుంది. తాళం. ఓట్లప్పుడు తెరుస్తారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే నాకు ముగ్గురి పేర్లు చెప్పారు, ముగ్గురినీ కలిశాను, ఎవరి దగ్గరా లేదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 33వ అంశం చదివితే నాటకాలు, సినిమాలు, క్రీడలు, వినోదాలు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. మా ఊళ్లో కూడా అవి ఒకటే అనిపిస్తుంది. వాలీబాల్ ఆడే పిల్లాడే రాత్రి డప్పు కొడతాడు, కోలాటం వేసే పిల్లే బడిలో ఖోఖో కెప్టెన్. గ్రంథాలయాలకి ఆస్తిపన్నుతో పాటు సెస్సు వసూలు చేస్తున్నాం కదా, అలా ఏటా ఆగకుండా వచ్చే డబ్బు వీటికీ కావాలి, అందులో మొదటి ఖర్చు మనిషి జీతమై ఉండాలి. సంప్రదాయ కళలు నేర్పే గురువుకీ నేర్చుకునే శిష్యులకీ నెలనెలా కొంత సొమ్మిచ్చే గురు శిష్య పరంపర పథకం కేంద్రం దగ్గర ఉంది. మనిషికి డబ్బివ్వడం సర్కారుకి తెలియని పనేమీ కాదు.

తమ్ముడూ నేనూ కూర్చుని ఒక అర్జీ రాశాం. మూడు మండలాలకి ఒక్కరైనా సరే, వారానికి రెండు సాయంత్రాలు వచ్చే పీఈటీ కావాలి. కమ్యూనిటీ హాలు రోజూ ఐదు నుంచి ఎనిమిది దాకా తెరవాలి, తాళంచెవి వాడలో ఉండే మనిషి దగ్గరే ఉండాలి. గ్రౌండ్ దారిలో నాలుగు లైట్లు. 46 సంతకాలయ్యాయి, 19 ఆడపిల్లలవి. సోమవారం ప్రజావాణిలో ఇస్తున్నాం.