సెకనులో మూడో వంతు: మారేడుమిల్లి వాగు దగ్గర మూడు రోజులు

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో వెళ్తుంటే కల్వర్టుల కింద నుంచి చిన్న చిన్న వాగులు దిగుతూ కనిపిస్తాయి. జలతరంగిణి, అమృతధార వంటి పేరున్న చోట్ల జనం ఆగుతారు. నేను మాత్రం ఊళ్లో వాళ్లు ఉత్త ‘వాగు’ అని మాత్రమే పిలిచే ఒక పాయను ఎంచుకుని, నవంబరులో మూడు రోజులు దాని ఒడ్డునే గడిపాను. పారే నీటిని ఫొటోలో పారుతున్నట్టే చూపించాలన్నది నా కోరిక.

మొదటి రోజు పదకొండు గంటలకు వెళ్లడమే పొరపాటు. ఆకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చల దగ్గర నురుగు తెల్లగా పేలిపోయింది, బండల నీడలు నల్లటి ముద్దలయ్యాయి. ఒకే ఫ్రేములో అంత వెలుగూ అంత చీకటీ ఉన్నప్పుడు ఏ సెట్టింగు పెట్టినా ఏదో ఒకటి పోగొట్టుకోవలసిందే. పైగా కెమెరా చేత్తో పట్టుకుని, షట్టరు 1/250 సెకను మాత్రమే తెరుచుకునేలా పెట్టి తీయడం వల్ల నీళ్లు పగిలిన గాజు పెంకుల్లా గడ్డకట్టుకుపోయాయి.

రెండో రోజు తెల్లవారి ఆరున్నరకే చేరుకున్నాను. మబ్బు కమ్మి, చెట్ల కింద వెలుగు అంతటా ఒకే తీరుగా పరుచుకుని ఉంది. ఐఎస్‌ఓ (సెన్సరు వెలుగుకు స్పందించే తీరు) 100, అపర్చరు (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్11 పెడితే ఏ ఫిల్టరూ లేకుండానే షట్టరు సమయం అర సెకను వచ్చింది. అయినా అద్దెకు తెచ్చుకున్నాను కదా అని, వెలుగును సుమారు వెయ్యో వంతుకు తగ్గించే పది స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టరు అనే నల్లటి అద్దం బిగించి, అపర్చరు, ఐఎస్‌ఓ సర్దుకుని 30 సెకన్లకు తీశాను. వాగంతా ఏకిన దూదిలా మారింది. నీరు ఎటు నుంచి దూకుతోందో, ఏ బండను ఒరుసుకుంటోందో ఏమీ తెలియలేదు. చాలామంది ఇష్టపడే రూపమే అయినా, అందులో నీటి బలం కనిపించదని నా అభిప్రాయం. ఆ ఫిల్టరును సంచిలో పెట్టేసి మళ్లీ తీయలేదు.

దాని బదులు, తడి మీది తళుకును తగ్గించే పోలరైజరు ఫిల్టరు తగిలించి నెమ్మదిగా తిప్పుతూ చూశాను. తడిసిన నల్ల బండ మీది తళుకు తొలగిపోయి నాచు పచ్చదనం బయటపడింది, మడుగు అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటిగా తేలాయి. అయితే పూర్తిగా తిప్పితే నీటి మెరుపంతా పోయి, అక్కడ నీరున్న సంగతే మరుగున పడుతుంది. అందుకని కొంచెం వెనక్కి తిప్పి ఆపాను. ఈ ఫిల్టరు కూడా ఒకటిన్నర స్టాపుల వెలుగు మింగుతుంది కాబట్టి అర సెకను కాస్తా దాదాపు ఒకటిన్నర సెకనుకు చేరింది. ఐఎస్‌ఓను, అపర్చరును తగ్గట్టు మార్చుకుంటూ 1/15 సెకను నుంచి 2 సెకన్ల దాకా అదే దృశ్యాన్ని వరసగా తీసి, పక్కపక్కన పెట్టి చూశాను. రెండు బండల మధ్య మోకాలెత్తు నుంచి దూకే ధారకు ఐఎస్‌ఓ 400 దగ్గర వచ్చిన 1/3 సెకను సరిగ్గా కుదిరింది: ధార పాయలు పాయలుగా విడి, ఒక్కో పాయలో నూలు పోగుల్లాంటి గీతలు నిలిచాయి. దాని పైన నెమ్మదిగా జారే నీటికి మాత్రం ఒక సెకను కావలసి వచ్చింది. ఇందులో అందరికీ పనికొచ్చే ఒకే అంకె లేదు. ధార వేగాన్నీ, మనం నిలబడిన దూరాన్నీ బట్టి అది మారుతుంది.

ఆ రోజు తీసిన వాటిలో సగం పెద్దవి చేసి చూస్తే బండల అంచులు అదిరి ఉన్నాయి. ట్రైపాడ్ కాలు ఒకటి ప్రవాహంలో ఉండటమే కారణం. మర్నాడు మూడు కాళ్లనూ రాళ్ల సందుల్లో కదలకుండా ఇరికించి, నడిమి కొక్కేనికి సంచి వేలాడదీసి, చేతి వణుకును సర్దే లెన్సులోని స్టెబిలైజేషను ఆపి, రెండు సెకన్ల టైమరుతో తీశాను.

అప్పుడే భుజాన వెదురు మోపుతో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి చూశారు. “ఇక్కడ లోతుందా తాతా?” అని అడిగాను.

“లోతు కాదు బాబూ, ఎగువన వాన పడినా ఇక్కడ చినుకు కూడా పడకపోవచ్చండి. నీళ్లు ఎర్రబడి ఆకులు కొట్టుకొస్తుంటే మాత్రం చూస్తూ నిలబడొద్దు, గట్టెక్కెయ్యండి,” అన్నారు.

ఆయన వెళ్లిన గంటకు ధార అంచున సన్నని ఎర్ర చార కనిపించింది. అప్పటికే టైమరు నొక్కి ఉన్నాను. ఆ ఒక్క ఫొటో పడగానే కెమెరాతో సహా ట్రైపాడ్‌ను ఎత్తుకుని గట్టెక్కాను. ఆ మూడు రోజుల్లో నేను దాచుకున్న ఫొటో అదే: ఎడమ వైపు పోగులు పోగులుగా తెల్లటి నీరు, కుడి అంచున వాటిలో కలుస్తున్న ఒకే ఒక్క ఎర్రమట్టి పోగు.