మిగిలిన పని ఎవరిది?

ఇంట్లోకి వచ్చే వస్తువును గాని, ఊళ్లోకి వచ్చే సేవను గాని చూసినప్పుడు నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది తాను చేయగలిగింది చేసేశాక మిగిలిపోయే పని ఎవరి మీద పడుతోంది? ధర, వేగం, తెర పరిమాణం, కంపెనీ పేరు నా దృష్టిలో ఆ తర్వాతి సంగతులు. ఏటీఎంనే తీసుకుందాం. మొదట్లో వచ్చిన యంత్రాలలో చాలావాటిలో ముందు నోట్లు, తర్వాత కార్డు బయటికి వచ్చేవి. నోట్లు చేతికి అందగానే వచ్చిన పని అయిపోయిందనుకుని జనం కార్డును అక్కడే వదిలి వెళ్లేవారు. కార్డు మరవవద్దని గోడకు బోర్డు తగిలించడం దానికి ఒక విరుగుడు. కార్డు తీసుకున్న తర్వాతే నోట్లు ఇచ్చేలా యంత్రాన్ని మార్చడం మరొక విరుగుడు. మొదటిదానిలో గుర్తుంచుకోవలసిన పని మనది, రెండవదానిలో ఆ పని యంత్రానిది. రెండవ విరుగుడు ఆలోచించినవారి పట్ల నాకు గౌరవం ఉంది.

నల్లగొండలో ఉండేవారు ఈ ప్రశ్న వేసుకుంటే నీళ్ల దగ్గరికి రాక తప్పదు. మన జిల్లా పేరుతో శాస్త్రవేత్తలకు బాగా తెలిసిన ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1970ల్లో రూపొందించిన ఆ పద్ధతిని 'నల్లగొండ టెక్నిక్' అంటారు. ఫ్లోరైడ్ ఉన్న నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన నీటిని వాడుకోవడమే దాని సారాంశం. కరెంటు అక్కరలేదు, ఖరీదైన పరికరం అక్కరలేదు, కావలసిన పదార్థాలు ఏ మూల దుకాణంలోనైనా దొరుకుతాయి. రసాయన శాస్త్రం దృష్టితో చూస్తే ఇంత చౌకగా ఇంత పని చేసే పద్ధతులు అరుదనే చెప్పాలి.

అయితే దీన్ని ఇంట్లో రోజూ చేయవలసిన మనిషి వైపునుంచి ఒకసారి చూడండి. పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షారత ఎంత ఉంది అన్న లెక్కల మీద ఆధారపడుతుంది. ఒక బోరు నీటికి సరిపోయిన కొలత పక్క బోరు నీటికి సరిపోదు. పొద్దున్నే లేచి వంట చూసుకుని, పిల్లలను బడికి పంపి, కూలికి వెళ్లవలసిన ఇల్లాలు ఈ కొలతలు చూసి, నీళ్లు తిప్పి, తేరేదాకా ఆగి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఇదంతా ఒక పూటతో అయిపోయేది కాదు, బతికినంతకాలం చేయవలసిన పని. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆ నీరు తాగితే రుచిలోనూ తేడా తెలియదు, కాచినా పోదు. కాబట్టి తాను చేసిన పని సరిగా జరిగిందో లేదో ఆమెకు తెలిసే మార్గమే లేదు. తప్పు జరిగితే అది ఏళ్లు గడిచాక పిల్లల పళ్ల మీద గారలుగానో, పెద్దల కీళ్లలో నొప్పిగానో, వంగిపోయిన కాళ్లుగానో బయటపడుతుంది. చేసినదానికి వెంటనే జవాబు చెప్పని పనిని మనిషి ఎంతో కాలం శ్రద్ధగా చేయడు, అందులో ఆ మనిషి తప్పేమీ లేదు. మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరోసిస్ బాధితులను చూసిన వారెవరూ ఆ ఇళ్లవాళ్లు అశ్రద్ధ చేశారని అనరు.

నల్లాతో ఈ లెక్క మారింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ పథకం కింద నదీజలాన్ని శుద్ధి చేసి పైపుల ద్వారా ఇంటికి పంపినప్పుడు, ఇల్లాలి చేతిలో ఉన్న కొలతలూ, తిప్పడమూ, ఆగడమూ అన్నీ శుద్ధి కేంద్రంలోని ఇంజనీరు చేతికి వెళ్లాయి. నా దృష్టిలో ఇది గొప్ప మార్పు. అయినా మా వీధిలో ఇప్పటికీ ఇరవై లీటర్ల క్యాన్లు దిగుతూనే ఉన్నాయి. నల్లా నీరు మంచిదేనని ఆ నీరు స్వయంగా చెప్పలేదు. క్యాన్ నీరు మాత్రం తియ్యగా ఉండి, చల్లగా మూత బిగించి వచ్చి, నమ్మకం కలిగిస్తుంది. ఈ వారం మీ వార్డు నీటిలో ఫ్లోరైడ్ ఇంత, క్లోరిన్ ఇంత అని నీళ్ల ట్యాంకు గోడ మీద సుద్దముక్కతో రాసినా సరే, ఆ క్యాన్లలో కొన్నైనా తగ్గుతాయని నా నమ్మకం. దీనికి యాప్ అక్కరలేదు.

పని తగ్గించే ప్రతి వస్తువూ మంచిదేనని నేను అనుకుంటున్నానని ఎవరైనా భావిస్తే, వారికి ఆటో స్టార్టర్ సంగతి చెప్పాలి. వ్యవసాయానికి త్రీఫేజు కరెంటు రోజులో కొన్ని గంటలే, అదీ విడతలుగా, ఒక్కోసారి నడిరాత్రి వచ్చే రోజుల్లో రైతులు దాన్ని బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది. చీకట్లో పొలం గట్ల వెంట నడిచి వెళ్లి, పాముకాటుకో, తడిచేతులతో స్టార్టర్ డబ్బా తెరిచి కరెంటు షాకుకో బలైన రైతులున్న ఊళ్లలో ఆ చిన్న పెట్టె ఎంత ఉపకారం చేసిందో వేరే చెప్పనక్కరలేదు. కాని 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా సాగుకు ఇరవైనాలుగు గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టగానే అదే పెట్టె సమస్యగా మారింది. కరెంటు పోదు కాబట్టి మోటారు ఆగదు, బోరులో ఊట ఉన్నంతవరకు తోడుతూనే ఉంటుంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమూ, విద్యుత్ సంస్థలూ అప్పట్లో ఊరూరా ప్రచారం చేయవలసి వచ్చింది. మన దక్షిణ తెలంగాణ నేల కింద ఉన్నది చాలాచోట్ల గట్టి రాయి. పగుళ్లలో ఊరే నీరే బోరుకు ఆధారం. ఒక రైతుకు నిద్ర ఇచ్చిన యంత్రం పక్క రైతు బోరును ఎండబెడితే, పని తగ్గినట్టు కాదు, గట్టు దాటి అవతలికి వెళ్లినట్టు.

ఆ తర్వాత వచ్చిన మొబైల్ స్టార్టర్ నాకు ఎక్కువ నచ్చింది. అందులో ఒక సిమ్ ఉంటుంది. రైతు ఇంటినుంచే ఫోన్ చేసి మోటారును నడపవచ్చు, ఆపవచ్చు. కరెంటు ఉందో లేదో అది చెబుతుంది, బోరులో నీరు అందకపోతే మోటారును ఆపే ఏర్పాటు కూడా చాలావాటిలో ఉంటుంది. నడక తప్పింది, నిర్ణయం మాత్రం మనిషి చేతిలోనే ఉంది. ఆటో స్టార్టర్ రెండిటినీ తీసేసుకుంది, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇక దుకాణాల్లో మాట్లాడే సౌండ్ బాక్స్ గురించి. యూపీఐ 2016లో మొదలైనప్పుడు చెల్లింపు సులువైంది గాని, డబ్బు వచ్చిందో లేదో చూసుకునే పని అమ్మేవాడి మీద పడింది. గడియారం సెంటర్ దగ్గర సాయంత్రం పూట మిర్చిబజ్జీలు వేసే మనిషి చేతులకు శనగపిండి, ఎదురుగా కాగుతున్న నూనె, చుట్టూ పదిమంది. ఫోన్ తీసి సందేశం చూసుకునే వీలెక్కడిది? కొనేవాడు చూపించిన తెరను నమ్మాలి, ఆ తెర నిన్నటిదైనా కావచ్చు. సౌండ్ బాక్స్ ఆ పనిని చూపు నుంచి తప్పించి చెవికి అప్పగించింది. ఎంత మొత్తం వచ్చిందో తెలుగులో గట్టిగా చెబుతుంది, చేతులు కడుక్కోనక్కరలేదు, చదువు రానక్కరలేదు, "పైసలు వచ్చినయా అన్నా?" అని కొనేవాడు అడగనక్కరలేదు. లోపల ఒక సిమ్, ఒక స్పీకరు, ఒక బ్యాటరీ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఈ పదేళ్లలో మన బజారులోకి వచ్చిన వస్తువులలో ఉత్తమమైనది ఏదని నన్నడిగితే, ఖరీదైన ఫోన్లన్నిటినీ పక్కన పెట్టి దీని పేరే చెబుతాను. లోటు లేదని కాదు: ఎంత వచ్చిందో చెబుతుంది గాని ఎవరు పంపారో చెప్పదు, ఒకేసారి ఇద్దరు ముప్పై రూపాయల చొప్పున పంపితే కొంత తికమక తప్పదు.

మిస్డ్ కాల్ కూడా ఈ జాతికి చెందినదే. ఇండేన్ సంస్థ 2021 జనవరి 1న గ్యాస్ బుకింగ్‌కు మిస్డ్ కాల్ సదుపాయం తెచ్చింది. నమోదైన నంబరు నుంచి ఒక రింగు ఇస్తే చాలు, సిలిండర్ బుక్ అవుతుంది. పైసా ఖర్చు కాకుండా కబురు చెప్పుకోవడం మన జనం ఎప్పుడో కనిపెట్టిన ఉపాయం. సంస్థ ఆ అలవాటును మార్చబోకుండా దాని మీదే సేవను నిలబెట్టింది. 2023 డిసెంబర్ 9న మహిళలకు మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణంలోనూ ఈ గుణమే ఉంది: దరఖాస్తు లేదు, ముందుగా పేరు నమోదు లేదు, అప్పటికే సంచిలో ఉన్న గుర్తింపు కార్డును చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. బస్సుల్లో రద్దీ వేరే చర్చ.

తెలుగులో చూపించే యాప్‌ల సంగతి దీనికి విరుద్ధం. బటన్ల పెట్టెలను ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి చేస్తారు, తర్వాత వాటిలో తెలుగును కూరుతారు. కింద ఒత్తులు తెగిపోతాయి, చివరి మాట చుక్కలుగా మారుతుంది, సగం మాటను బట్టి మిగతా సగాన్ని ఊహించుకునే పని మనది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరపు ఒక ప్రత్యేకమైన కూర్పు తెర మీదికి వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. సరిదిద్దడం బాగానే ఉంది, కాని అలాంటి కూర్పును అంతకుముందే ఒకసారి పరీక్షించి చూడవలసిన పని ఎవరిదన్నది నా ప్రశ్న.

వీటన్నిటినీ మించి ఇప్పుడు మన ఇళ్లలో పెరిగిపోతున్న పని ఓటీపీది. దొంగతనాన్ని ఆపడానికి అది అవసరమే, కాదనను. కాని దాన్ని రూపొందించినవారు ఒక మనిషికి ఒక ఫోన్, ఆ ఫోన్ ఎప్పుడూ ఆ మనిషి చేతిలో అని అనుకున్నారు. మా అమ్మ ఊళ్లో ఉంటుంది. ఆమెకు సంబంధించిన సగం సేవలకు తమ్ముడి నంబరు, మిగతా సగానికి నా నంబరు ఇచ్చి ఉన్నాయి. గుమ్మం ముందు పార్శిల్ తెచ్చిన అబ్బాయి నిలబడి ఉంటాడు, అంకెలు మాత్రం హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు సమావేశంలో ఉన్న తమ్ముడి జేబులో మోగుతాయి. "బిడ్డా, నంబరొచ్చిందంట, జెర చూసి చెప్పు" అని అమ్మ నాకు ఫోన్ చేస్తుంది. చూడబోతే ఆ నంబరు నాకు రాలేదు.

పాలమూరు నుంచి వలస వెళ్లేవారి విషయంలో ఇది విసుగుతో ఆగదు. ముంబైకో, పుణెకో పనికి వెళ్లి నెలల తరబడి రీచార్జి చేయించుకోలేకపోతే నంబరు రద్దవుతుంది, రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి మరొకరికి ఇస్తారు. అప్పటికి ఆ నంబరు ఒట్టి ఫోన్ నంబరు కాదు. ఆధార్, బ్యాంకు ఖాతా, యూపీఐ అన్నీ దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి. కొత్త నంబరు కలపడానికి చాలామంది ఆధార్ కేంద్రానికే వెళ్లి వేలిముద్ర వేయవలసి వస్తోంది. ఏళ్లకేళ్లు ఇటుకా సిమెంటూ మోసిన వేళ్ల మీద ముద్ర అరిగిపోయి ఉంటుంది. ఒకరోజు కూలి వదులుకుని, బస్సెక్కి వచ్చిన మనిషితో "మళ్లీ పెట్టు, గట్టిగా నొక్కు" అని చెప్పే యంత్రం తన పనిని అతని వేళ్ల మీద రుద్దుతున్నట్టే లెక్క. అలాంటివారికి కనుపాప చూసే యంత్రాన్ని మొదటే వాడడం అసాధ్యమేమీ కాదు. నంబరు రద్దు కాబోతున్నదని చెప్పే సందేశాన్ని ఆ ఒక్క నంబరుకే కాక, ఇంట్లో మరొకరి నంబరుకు కూడా పంపే ఏర్పాటు ఉంటే ఈ ప్రయాణాలలో చాలావరకు తప్పుతాయి.

2011 నవంబర్‌లో మొదలైన మీసేవ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు అనేక సేవలను ఇంటి నుంచే ఫోన్‌లో చేసుకోవచ్చంటున్నా కౌంటర్ల ముందు వరుసలు అలాగే ఉన్నాయి, దానికి కారణం జనానికి తెలియకపోవడం కాదు. భూమి రికార్డుల ధరణి పోర్టల్‌లో తప్పు దిద్దించుకోవాలనుకున్న రైతు తన సమస్య ఏ మాడ్యూలు, అంటే ఏ రకం దరఖాస్తు, కిందికి వస్తుందో ముందుగా తానే తేల్చుకోవలసి వచ్చేది. వాటిలో ఒకటైన 'టీఎం 33' పేరు మన జిల్లాల్లో చదువు రాని రైతుల నోట కూడా వినిపించిందంటే అది ఆ పోర్టల్‌కు గౌరవమేమీ కాదు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, ముందుగా ప్రయోగాత్మకంగా చేపట్టిన మండలాలలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. భూభారతి చట్టంలో అప్పీలుకు చోటు కల్పించడం మంచి మార్పు. దరఖాస్తు పెట్టేటప్పుడు రైతు తన బాధను తన మాటల్లో చెబితే అది ఏ విభాగానికి చెందుతుందో కార్యాలయమే తేల్చుకునే రోజు మాత్రం ఇంకా రాలేదు. ప్రస్తుతం ఆ పని చేస్తున్నది మీసేవ కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయే. రైతు చెప్పిన నాలుగు మాటలు విని, రెండు ఎదురు ప్రశ్నలు వేసి, సరైన పేజీ తెరుస్తాడు. కొత్త యాప్ గీసేవారు ముందుగా ఆ అబ్బాయి పక్కన కుర్చీ వేసుకుని వారంపాటు కూర్చుని, వచ్చినవారిని అతను మొదట ఏమడుగుతున్నాడో రాసుకుంటే బాగుంటుంది. మా దగ్గరి కౌంటర్‌లో అయితే ఆ మొదటి ప్రశ్నను విసుగెత్తి అద్దానికి అంటించేశారు: "ఆధార్‌కు లింకైన ఫోన్ తెచ్చుకున్నారా?"