ఫ్లూయెంట్ బిట్‌లో రాండమ్ ఇన్‌పుట్: నా అనుభవం

లాగ్స్‌ని, అంటే ప్రోగ్రామ్‌లు రాసే రికార్డుల్ని, ఒకచోట నుంచి మరోచోటికి చేర్చే పైప్‌లైన్‌ని ఫ్లూయెంట్ బిట్ అనే ప్రోగ్రామ్‌తో కట్టాను. కట్టాక ముందు తేలాల్సింది ఒకటుంది: ఇటు వేసినవన్నీ అటు చేరుతున్నాయా? అప్లికేషన్ లాగ్స్‌తో ఇది తేలదు. ఎన్ని లైన్లు పుట్టాయో తెలియనప్పుడు ఎన్ని పోయాయో ఎలా చెప్తాం? అందుకే ఫ్లూయెంట్ బిట్‌లో పరీక్ష రికార్డులు పుట్టించే రాండమ్ ఇన్‌పుట్ అనే ప్లగిన్‌తో మొదలుపెట్టాను.

దీని పని చిన్నదే. లైనక్స్‌లో యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే డెవ్ యూరాండమ్ నుంచి ఒక నంబర్ తీసి, రాండ్ వాల్యూ అనే కీ కింద పెట్టి పంపుతుంది. మనం ఏ సెట్టింగూ ఇవ్వకపోతే సెకనుకొకటి చొప్పున ఆగకుండా పంపుతూనే ఉంటుంది. లాగ్ లైన్‌ని ఫీల్డ్‌లుగా విడగొట్టే పార్సర్‌ని పరీక్షించాలంటే మాత్రం ఇది సరిపోదు, దానికి మనం రాసిచ్చిన రికార్డునే పంపే డమ్మీ ఇన్‌పుట్ వాడాలి.

కాన్ఫిగ్‌లో శాంపిల్స్ (ఎన్ని రికార్డులు పంపాలో చెప్పే సెట్టింగ్) 1000 అని పెట్టాను. నా దృష్టిలో ఈ ప్లగిన్‌లో అన్నిటికంటే విలువైన సెట్టింగ్ ఇదే, ఎందుకంటే అవతల లెక్క సరిచూసుకోవడానికి ఒక కచ్చితమైన సంఖ్య దొరుకుతుంది. వేగం కోసం, రికార్డుకీ రికార్డుకీ మధ్య ఎంత సమయమో చెప్పే ఇంటర్వల్ సెక్ 0, ఇంటర్వల్ ఎన్‌సెక్ 100000000 ఇచ్చాను. రెండోది నానోసెకన్లలో ఉంటుంది కాబట్టి సున్నాలు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పది కోట్ల నానోసెకన్లంటే సెకనులో పదో వంతు, అంటే మొత్తం వెళ్లడానికి వంద సెకన్లు. వెయ్యి పూర్తయ్యాక రికార్డులు ఆగిపోతాయి కానీ ఫ్లూయెంట్ బిట్ నడుస్తూనే ఉంటుంది, దాన్ని మనమే ఆపాలి.

ముందు అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌కి పెట్టాను. సరిగ్గా వెయ్యి లైన్లు. తర్వాత అదే ఇన్‌పుట్‌కి ఫైల్‌తో పాటు మా లాగ్ స్టోర్‌ని (లాగ్స్ దాచి వెతుక్కునే డేటాబేస్) కూడా కలిపి మళ్లీ నడిపాను. ఫైల్‌లో వెయ్యి, స్టోర్‌లో ఇంచుమించు సగమే! టెన్షన్ పెరిగింది కానీ, ఫైల్ లెక్క చేతిలో ఉండటంతో ఫ్లూయెంట్ బిట్ మీద అనుమానం లేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, స్టోర్‌కి చేరని నంబర్లన్నీ 9223372036854775807 దాటినవే.

అప్పుడు విషయం అర్థమైంది. రాండ్ వాల్యూ మైనస్ గుర్తు లేని 64 బిట్ల నంబర్. స్టోర్ ఆ ఫీల్డ్‌ని మైనస్‌లు కూడా పట్టే 64 బిట్ల రకంగా తనంతట తానే నిర్ణయించుకుంది. అందులో ఒక బిట్ గుర్తుకే పోతుంది కాబట్టి పై సగం నంబర్లు పట్టవు. అందుకే నష్టం కూడా సగానికి దగ్గరగా వచ్చింది.

ఆ ఫీల్డ్‌ని స్ట్రింగ్‌గా (అంకెల్ని మామూలు అక్షరాల్లా దాచే రకం) మార్చి, స్టోర్‌లో రికార్డులుండే ఇండెక్స్‌ని కొత్తగా కట్టాక, వెయ్యికి వెయ్యీ చేరాయి. మా అప్లికేషన్ లాగ్స్‌లో హ్యాష్ విలువలు (డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యలు) కూడా ఇంత పెద్దవే. వాటి ఫీల్డ్‌లను కూడా అప్పుడే మార్చేసి, ఆ తర్వాతే అప్లికేషన్‌ని పైప్‌లైన్‌కి కలిపాను.