సూడానీ అన్న ఏ వర్గం?

నిన్న రాత్రి నా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. నోటు బుక్కులో ఒక పేజీ, అంతా అరబ్బీ రాత. దాని సంగతి చెప్పాలంటే ముందు అది పంపిన మనిషి గురించి చెప్పాలి.

కువైట్‌లో నేను 11 ఏళ్ళు బ్రెడ్ వ్యాన్ నడిపాను. ఖైతాన్‌లో ఒకే రూమ్‌లో ఐదుగురం. ముగ్గురం కడప జిల్లా వాళ్ళం, ఒకాయనది కేరళ, ఇంకొకాయనది సూడాన్. ఆయన కంపెనీ స్టోర్ చూసుకునేవాడు. మాకంటే పెద్దవాడు కాబట్టి సూడానీ అన్న అనేవాళ్ళం. అరబ్బీలో ‘ప’ లేదు. అందుకని ఆయన నోట్లో మా ఊరెప్పుడూ ‘కడబా’నే.

మాకు స్నేహం కుదిరింది జొన్నల వల్ల. ఒక శుక్రవారం నేను జొన్న రొట్టె తడుతుంటే పక్కనొచ్చి కూర్చున్నాడు. నేను రొట్టె తిప్పేదాకా ఏమీ మాట్లాడలేదు. పిండి చిటికెడు తీసుకుని వాసన చూసి, ‘మా అమ్మ వంటిల్లు’ అన్నాడు. వాళ్ళు కూడా జొన్న తినే మనుషులే. పిండిని పులియబెట్టి, పెనం మీద ఆకు ముక్కతో కాగితమంత పలుచగా పరుస్తారట. దాని పేరు కిస్రా. మన గోంగూర జాతి మొక్కకే కాయ చుట్టూ ఎర్రటి రెక్కలుంటాయి కదా, వాటిని ఎండబెట్టి కర్కదే అని షర్బత్ చేస్తారు. ఇక శెనక్కాయనైతే అరబ్బీలో ‘ఫూల్ సూడానీ’ అనే అంటారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఛాతీ కొంచెం విరుచుకునేవాడు.

ఆయనది ఉమ్దుర్మాన్. నీలి నైలు, తెల్ల నైలు కలిసేచోట నదికి ఈ గట్టున సూడాన్ రాజధాని ఖార్తూమ్, ఆ గట్టున ఉమ్దుర్మాన్.

2023 ఏప్రిల్ 15, శనివారం. రంజాన్ పండక్కి ఇంకా వారం ఉంది. డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్న మంచం మీద రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కటీ కలవడంలేదు. సైన్యాధిపతి బుర్హాన్ ఒకవైపు, ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలిటరీ దళం నాయకుడు హెమెద్తీ ఒకవైపు. 2021 అక్టోబరులో ఇద్దరూ కలిసే అధికారం గుంజుకున్నారు. ఆర్ఎస్ఎఫ్‌ని సైన్యంలో ఎన్నేళ్ళలో కలపాలి అన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఆ చెడింది వాళ్ళిద్దరికి, తగలబడింది ఖార్తూమ్.

రూమ్‌లో మావాడొకడు అడిగేశాడు. “అన్నా, నువ్వెవరి వర్గం? సైన్యమా, వాళ్ళా?”

వాడి తప్పు కాదు. గొడవ అనగానే మాకు ముందు నోటికొచ్చే ప్రశ్నే అది. అన్న వాడివైపు చాలాసేపు చూసి, “మా అమ్మ ఇంట్లో ఉంది” అన్నాడు. అంతే, మళ్ళీ ఫోన్ తీసుకున్నాడు.

ఆ రాత్రి నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మాది జమ్మలమడుగు వైపు ఒక పల్లె. నా చిన్నప్పుడు ఊరు రెండు వర్గాలు. ఒక వర్గం వాళ్ళు ఇంకో వర్గం అంగట్లో అగ్గిపెట్టె కూడా కొనరు. రాత్రి నాటుబాంబు చప్పుడైతే నాయన లైటు ఆర్పి మమ్మల్ని గాదె వెనక కూర్చోబెట్టేవాడు. చాలామంది ప్రొద్దుటూరుకో కడపకో పోయారు. మేమూ మూటలు కట్టాం. అవ్వ మాత్రం రానంది. ఆ ఏడాది ఒకే నెలలో ఇటు ఒకరు, అటు ఒకరు చచ్చిపోయారు. అవ్వ రెండిళ్ళకూ పోయి ఏడ్చింది. రెండో ఇంటికి బయలుదేరుతుంటే నాయన వాకిట్లో అడ్డం నిలబడి, “వద్దు మా, రేపు మనల్ని కూడా వాళ్ళ లెక్కలో వేస్తారు” అన్నాడు. అవ్వ కొంగు బిగించుకుని, “ఆ పిల్లోడికి బొడ్డు కోసింది నేనురా” అని నాయన్ని పక్కకు నెట్టి పోయింది.

తర్వాత చాలా ఏళ్ళు నేను దాన్ని మొండితనం అనుకున్నా. సూడానీ అన్నను చూశాకే నాకు అవ్వ అర్థమైంది.

ఆ ఏప్రిల్ చివర్లో మన ప్రభుత్వం ఆపరేషన్ కావేరి మొదలుపెట్టింది. నేవీ ఓడలు పోర్ట్ సూడాన్ నుంచి మనవాళ్ళని జెద్దాకు చేర్చాయి, అక్కణ్ణుంచి విమానాల్లో ఇంటికి. మొత్తం 3,862 మంది. టీవీలో జెండా పట్టుకుని దిగుతున్నవాళ్ళని చూసి మేమందరం చప్పట్లు కొట్టాం. అన్న కూడా కొట్టాడు. తర్వాత నెమ్మదిగా, “మీ దేశం వచ్చి మీవాళ్ళని తీసుకుపోయింది. మావాళ్ళు మా దేశం నుంచే పారిపోవాలి” అన్నాడు. నా చేతులు ఆగిపోయాయి. ఎక్కడ చూడాలో తెలియలేదు.

ఆయన చెల్లెలు పిల్లల్ని తీసుకుని బస్సులో ఈజిప్టు పోయింది. అమ్మ కదల్లేదు. ఆమెను చూసుకోవడానికి తమ్ముడు ఉండిపోయాడు. పోయినవాళ్ళకు దేశం మీద ప్రేమ లేదని అన్న ఒక్కసారి కూడా అనలేదు. అనలేడు కూడా, ఆయనా మేమూ అందరం ఊరొదిలి వచ్చినవాళ్ళమే కదా. ఊళ్ళో పని లేక, బోరులో నీళ్ళు లేక వచ్చినవాళ్ళం.

తమ్ముడు వాళ్ళ వీధిలో పదిమందితో కలిసి వంట మొదలుపెట్టాడు. అట్లాంటి ఉమ్మడి వంటశాలని తకియా అంటారు. పెద్ద దేగిశాలో పప్పు, ఒక్కోరోజు చిక్కుడు గింజలు. సూడాన్‌లో బంకక్ అని ఒక బ్యాంకు యాప్ ఉంది. బయటి దేశాల్లో ఉన్న బిడ్డలు పంపే డబ్బు దానిలో పడితేనే ఆ రోజు పొయ్యి వెలిగేది. 2024 ఫిబ్రవరిలో దేశమంతా నెట్‌వర్క్ పోయినప్పుడు అన్న రాత్రంతా ఆ యాప్ తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. గిన్నె పట్టుకుని వచ్చినవాణ్ణి నువ్వెవరి మనిషివని అక్కడ అడగరట. ఆ మాట విన్న రోజు, మా రూమ్‌లో ఆ ప్రశ్న అడిగిన పిల్లోడు లేచిపోయి అన్నకు టీ పెట్టుకొచ్చాడు.

ఒక రాత్రి అన్న చెప్పిన మాట నేను మర్చిపోలేను. “2003లో మా దేశానికి పడమటి దిక్కునున్న దార్ఫూర్‌లో ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టారు. ఆ రోజు తగలబెట్టిన జంజవీద్ గుంపులే నేటి ఆర్ఎస్ఎఫ్. మేం అప్పుడు ఉమ్దుర్మాన్‌లో పెళ్ళిళ్ళు చేసుకున్నాం. దార్ఫూర్ మా ఇంటికి దూరం అనుకున్నాం. నేను నా వీధిని ప్రేమించి దేశాన్ని ప్రేమిస్తున్నా అనుకున్నా.” ఆయన గొంతు పూడుకుపోయింది. పక్క ఊళ్ళో బాంబు పడితే ‘మన ఊరు కాదులే’ అని పడుకున్న రాత్రులు నాకూ ఉన్నాయి. అవ్వ మాత్రం అట్లా పడుకునేది కాదు.

2024లో నేను ఇంటికి వచ్చేశా. 2025 మార్చిలో సైన్యం ఖార్తూమ్‌ని తిరిగి పట్టుకుంది. కొన్ని నెలలకు అన్న అకామా, అంటే కువైట్‌లో ఉండే పర్మిట్, క్యాన్సిల్ చేయించుకుని వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. తెలిసినవాళ్ళందరూ పిచ్చా అన్నారు. కరెంటు లేదు, కలరా ఉంది, జీతం లేదు. నేను కూడా ఫోన్ చేసి ఒక్క ఏడాది ఆగమన్నా. “అమ్మ ఆగిందిగా, ఇక నేను ఆగను” అన్నాడు. నేను మళ్ళీ చెప్పలేదు.

అదే ఏడాది అక్టోబరు 26న దార్ఫూర్‌లోని ఎల్ ఫాషిర్ పట్నం ఆర్ఎస్ఎఫ్ చేతికి పోయింది. ఏడాదిన్నర ముట్టడి. ఆ రోజుల్లో అక్కడి జనం అంబాజ్ తిన్నారు. అంబాజ్ అంటే ఏమిటో అన్న వాయిస్ మెసేజ్‌లో వివరిస్తుంటే నాకు సగంలోనే అర్థమైంది. శెనక్కాయల నూనె తీశాక మిగిలే చెక్క. మనం ఎనుములకు నానబెట్టి పెట్టేది. నేను ఫోన్ పక్కన పెట్టి దొడ్లోకి పోయి, మా ఎనుము ముందున్న తొట్టిలో చెయ్యి పెట్టి చూశా. మెత్తగా, గరుగ్గా, జిడ్డుగా ఉంది.

ఆ తర్వాత నుంచి నేను నెలకు 5 దినార్లు అన్న తమ్ముడి తకియాకు ఇస్తున్నా. ఖైతాన్‌లో ఉన్న మావాడు నాకు బాకీ. ఆ బాకీలోంచి అక్కడున్న అన్న బంధువుకు ఇస్తాడు.

నిన్నటి ఫోటో ఆ తకియా లెక్కల పేజీ. నాకు అరబ్బీ మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు. పెద్ద దర్గా దగ్గర తెలిసిన ఒక మౌల్వీ గారికి చూపించా. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. జెద్దా నుంచి ఒకరు, పప్పు. కైరో నుంచి ఒకామె, నూనె. తర్వాత ఆయన వేలు ఆగింది.

“ఇదేదో ఊరు నాయనా, నాకు తెలియడం లేదు. కడబా అని ఉంది. 5 దినార్లు, ఎర్రగడ్డలు.”