ప్లాటర్ డయళ్లకు కంప్యూటర్ తోడైతే: నా అనుభవం

అనలాగ్ స్టీరియో ప్లాటర్ అంటే ఒకే నేలను రెండు చోట్ల నుంచి తీసిన విమాన ఫొటోల జతతో మ్యాపు గీసే యంత్రం. దాని మీద మోడల్ కుదర్చడం, అంటే ఆ రెండు ఫొటోలూ కలిసి నేల త్రీడీ రూపంగా కనిపించేలా సరిచేయడం, మొదట పూర్తిగా చేత్తోనే నేర్చుకున్నాను. ఆరు గ్రూబర్ పాయింట్లకూ (రెండు ఫొటో కేంద్రాల దగ్గర రెండు, మూలల్లో నాలుగు) వరసగా వెళ్లాలి. రెండు కళ్లకూ కనిపించే బొమ్మలు పైకీ కిందికీ విడిపోయిన తేడాను, అదే వై-పారలాక్స్‌ను, ఒక్కోచోట ఒక్కో స్క్రూతో తీసేయాలి. చివర్లో వచ్చే ఒమేగా (ఫొటో పక్కకు వాలిన కోణం) దగ్గరే అసలు టెన్షన్. అక్కడ పారలాక్స్‌ను సున్నా చేస్తే చాలదు, కావాలనే అవతలి వైపుకు దాటించాలి. ఎంత దాటించాలో ఫోకల్ లెంగ్త్‌ను బట్టి మారుతుంది. 152 మి.మీ. లెన్సుకు ఒక లెక్క, 210కి మరొకటి. దాటించాక మళ్లీ మొదటి పాయింటు నుంచి మొదలు. చేయి తిరిగినవాళ్లకు ఇది చకచకా అయ్యే పని. నాకు మాత్రం కాలేదు.

ఎన్‌కోడర్లు (కదలికను అంకెలుగా మార్చే పరికరాలు) బిగించి కంప్యూటర్‌కు కలిపిన ప్లాటర్‌కు మారాక పద్ధతే వేరు. డయాపాజిటివ్‌ను (ఫొటో పారదర్శక ప్రతిని) ఫిడ్యూషియల్ మార్కులకు (ఫొటో అంచుల్లోని గుర్తులకు) సరిచూసి పెట్టడం, ప్రిన్సిపల్ డిస్టెన్స్ (లెన్సు నుంచి ఫొటో దాకా దూరం) సెట్ చేయడం ఎప్పటిలాగే చేతి పనులు. ఆ తర్వాత ఏ కోణాన్నీ ముట్టుకోను. పాయింటుకు వెళ్లి బి-వై స్క్రూ (వై దిశలో జరిపేది) ఒక్కదానితో పారలాక్స్ తీసి, రీడింగ్ పంపి, ముందుకు పోతాను. బి-వై, బి-జెడ్ అనే రెండు జరుపుళ్లు (రెండోది ఎత్తు దిశలో), కప్పా, ఫై, ఒమేగా అనే మూడు కోణాలు, ఈ అయిదూ లీస్ట్ స్క్వేర్స్‌లో (మిగిలే తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా వేసే లెక్కలో) ఒకేసారి తేలతాయి. ఏ డయల్ ఎంత తిప్పాలో తెర మీదికి వస్తుంది.

అయితే ప్రోగ్రామ్ అనుకునే ప్లస్, మన డయల్ ప్లస్ ఒకటే కావాలని లేదు. అందుకే ముందే ఒక్కో డయల్‌ను కొంచెం తిప్పి, పారలాక్స్ ఎటు మారుతుందో రాసుకున్నాను. లెక్క రేడియన్లలో, డయల్ గ్రాడ్లలో (పూర్తి వృత్తానికి 400) ఉంటే 63.66తో గుణించాలి. డయల్‌ను ఎప్పుడూ ఒకే దిశ నుంచి తెచ్చి ఆపాలి. లేదంటే స్క్రూలోని ప్లే (వదులు) లెక్కనంతా తినేస్తుంది.

నాకు బాగా పని నేర్పింది మాత్రం రెసిడ్యువల్స్, అంటే లెక్క అయ్యాక ఒక్కో పాయింటు దగ్గర మిగిలే తేడాలు. ఆరు పాయింట్లు, అయిదు తెలియనివి, అంటే మిగులు ఒక్కటే. దాదాపు సమతలంగా ఉన్న నేల మీద తప్పు ఎక్కడ జరిగినా రెసిడ్యువల్స్ ఒకే అచ్చులో వస్తాయి: బేస్ (రెండు ఫొటో కేంద్రాలను కలిపే గీత) మీది రెండు పాయింట్లకు రెండు వంతులు, మూలల్లోని నాలుగింటికి ఒక్కో వంతు. ఒక మూల పాయింటులో 60 మైక్రాన్ల తప్పు ఉందనుకోండి. అక్కడ కనిపించేది 5 మైక్రాన్లే. ఏ తప్పూ లేని బేస్ పాయింట్ల దగ్గర మాత్రం 10. తెరను నమ్మి ఆ రెండింటినీ ఎన్నిసార్లు చూసినా లాభం లేదు! ఈ లెక్క కాగితం మీద వేసుకుని చూశాక ఒక్కోచోట పక్కపక్కనే రెండేసి పాయింట్లు చూడటం మొదలుపెట్టాను. పన్నెండు రీడింగులు ఉంటే, తేడా పాయింటు తన జత పాయింటుతో పొసగక బయటపడుతుంది. ఈ శ్రమ దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

ఆబ్సొల్యూట్ ఓరియెంటేషన్‌లో, అంటే మోడల్‌ను నేల అసలు స్కేలుకూ మట్టానికీ తేవడంలో, పని ఇంకా తేలికైంది. చేత్తో అయితే ఒక దిశలో లెవెల్ చేసి రెండో దిశకు పోయేసరికి మొదటిది కదిలేది, స్కేలు మారిస్తే ఎత్తులన్నీ మళ్లీ చూసుకోవాలి. ఇప్పుడు కంట్రోల్ పాయింట్ల (నేల మీద స్థానమో ఎత్తో ముందే తెలిసినవి) మోడల్ కోఆర్డినేట్లు ఎన్‌కోడర్ల నుంచే వస్తాయి. స్కేలు, మూడు తిప్పుళ్లు, మూడు జరుపుళ్లు కలిసి ఏడూ ఒకేసారి తేలతాయి. ప్లాన్‌కు (స్థానానికి) రెండు, ఎత్తుకు మూడు పాయింట్లతో లెక్క నడుస్తుంది కానీ, తప్పు పట్టడానికి ఏమీ మిగలదు. ఎత్తుకు నాలుగైదు లేకుండా నేను మొదలుపెట్టను.

లెవెలింగ్ ఫైని డయల్‌లో పెట్టేటప్పుడు దానికి సరిపడా బి-జెడ్ కూడా మార్చాలి. అది కూడా కంప్యూటరే చెబుతుంది. అయినా అన్నీ సెట్ చేశాక ఆరు చోట్లా పారలాక్స్ మరోసారి చూసుకుంటాను. ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ రీడింగులతో ఇంకో విడత లెక్క వేసి, ఆ తర్వాతే కాంటూర్లకు (సమాన ఎత్తు గీతలకు) దిగుతాను.