నల్లబల్ల మూలన రాసిన అంకె

మన బడి ఆవరణలో వేపచెట్టు కింద ఉన్న బోరింగు ఈ సంచిక చదివే ప్రతి ఒక్కరికీ గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం గంట మోగగానే ఒకరు బోరింగు కొడుతుంటే మరొకరం దోసిలి పట్టి కడుపునిండా తాగేవాళ్లం. మా తరగతి ఫోటోలో పళ్లు కనిపించేలా నవ్విన వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. పళ్ల మీది గార మన ప్రాంతపు పిల్లలందరికీ సహజమని అనుకున్నాం. వంగిన నడుముతో, ముడుచుకుపోయిన మోకాళ్లతో అరుగు మీద కూర్చునే తాతలది వయసు మీద పడిన తీరనే అనుకున్నాం.

మా సైన్సు సార్ ఒక శనివారం ఆ బోరింగు నీటిని ప్లాస్టిక్ డబ్బాలో పట్టుకుని నల్లగొండకు తీసుకెళ్లి పరీక్ష చేయించారు. ఫలితం వచ్చిన రోజు నల్లబల్ల కుడి మూలన రెండు అంకెలు రాశారు. ఒకటి 1.5, అంటే లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదన్న హద్దు. మా పళ్ల గారకూ, తాతల వంగిన నడుములకూ కారణం ఆ ఫ్లోరైడే. దాని కింద, దానికంటే చాలా పెద్దదిగా, మన బోరింగు అంకె. పాఠాలు ఎన్నిసార్లు తుడిచినా ఆ మూలను మాత్రం వార్షిక పరీక్షల దాకా తుడవనివ్వలేదు. ఆ తరువాతి వారం ఒక బకెట్టు నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక ద్రావణం వేసి, ముందు వేగంగా, ఆపైన మెల్లగా మా చేతనే కలిపించారు. దూదిపింజల వంటి తెల్లని మడ్డి ఏర్పడి మెల్లగా అడుగుకు దిగడాన్ని ఊపిరి బిగబట్టి చూశాం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు నీటిలోని ఫ్లోరైడును తగ్గించడానికి 1970లలో రూపొందించిన ఈ పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుందని ఆ రోజే తెలిసింది. మన జిల్లా పేరు అంత దూరం వెళ్లిందన్న గర్వం, ఎందుకు వెళ్లిందో తెలిసిన బాధ, రెండూ నాలో నేటికీ ఉన్నాయి.

కొన్నేళ్లుగా నేను ఒక జీవవైద్య పరిశోధనా కేంద్రం బాధ్యతలు చూస్తున్నాను. ఎముకల వైద్యులు, జీవరసాయన శాస్త్రవేత్తలు, భూగర్భజల నిపుణులు, పోషకాహార నిపుణులు, గణాంక శాస్త్రజ్ఞులు అక్కడ ఒకే కప్పు కింద పనిచేస్తారు. వారిని ఒకచోట కూర్చోబెట్టడం సులభమే గానీ, ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేలా చేయడానికే నా రోజుల్లో ఎక్కువ భాగం గడుస్తుంది. నీటి నిపుణుడు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పి తన పని ముగిసిందనుకుంటాడు. మే నెల ఎండలో పత్తికట్టె పీకే ఆడకూలీ రోజుకు ఎన్ని లీటర్లు తాగుతుందని వైద్యుడు అడుగుతాడు. ఆమె తినే జొన్నరొట్టెలో, తాగే చాయలో ఏముందని పోషకాహార నిపుణురాలు అడుగుతుంది. ఈ మూడు ప్రశ్నలూ కలిస్తే తప్ప ఆమె ఒంట్లోకి ఎంత ఫ్లోరైడు చేరిందో తేలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మన ప్రాంతపు పిల్లల మోకాళ్ల వంకర గురించి రాశారు. ఆ తరువాత అదే సంస్థలో జొన్నల్లోని మాలిబ్డినం, రాగి అనే లోహాల పాళ్లను కూడా పరిశీలించారు. నీటితో మొదలైన ప్రశ్న ధాన్యం దాకా, మట్టి దాకా వెళ్లిన ఆ తీరును నా దగ్గర చేరే ప్రతి యువ పరిశోధకుడికీ మొదటి వారంలోనే చదివిస్తాను.

అయితే మా కేంద్రం నడతను మార్చింది మర్రిగూడ మండలంలోని ఒక పెద్దమ్మ మాట. నమూనాల కోసం వెళ్లిన మాకు మంచం వాల్చి, కూర్చోమని చెప్పి, ఆమె అన్నది: "నీళ్లు తీస్కపోతరు, నెత్తురు తీస్కపోతరు. ఏమొచ్చిందో మళ్లొచ్చి ఒక్కరు జెప్పరు బిడ్డా." మా సార్ నల్లబల్ల మీద రాసిన అంకె ఆ క్షణాన కళ్లముందు మెదిలింది. ఎవరి నీళ్లో వాళ్లకే ముందు చెప్పాలన్నది ఆయనకు ఎవరూ నేర్పని ధర్మం. అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం ఉంది: నమూనా ఇచ్చిన ఇంటికి ఫలితం చేరాకే అది పరిశోధన పత్రికకు వెళ్లాలి, దాన్ని చేర్చవలసింది ఆ పరీక్ష చేసిన యువ పరిశోధకులే.

ఈ నియమం ఎంత బరువైనదో రెండేళ్ల క్రితం తెలిసింది. కుళాయిలో కృష్ణా నీళ్లు రాని రోజుల్లో బోరు నీటిలో పటిక కలిపి తేర్చుకుని తాగే ఇళ్లను మా పరిశోధక విద్యార్థిని ఒకామె అధ్యయనం చేసింది. ఫ్లోరైడు అంకెలు చాలా తక్కువగా వచ్చాయి. ఇంటింటికీ వెళ్లి చెప్పింది, వ్యాసం కూడా సిద్ధమైంది. ఒక సాయంత్రం ఆమె నా గదికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, "సార్, నా అంకెలు తప్పు" అన్నది. ఫ్లోరైడును కొలవడానికి నీటిలో ముంచే ఎలక్ట్రోడు, నీటిలో విడిగా ఉన్న ఫ్లోరైడునే చూపుతుంది. పటిక నుంచి మిగిలిన అల్యూమినియం కొంత ఫ్లోరైడును తనతో పట్టి ఉంచుతుంది గనుక, ఆ పట్టు విడిపించే పదార్థం ఉన్న బఫర్ ద్రావణం కలపకపోతే అసలు లెక్క దొరకదు. ఆమె తయారుచేసిన బఫర్‌లో ఆ ఒక్క పదార్థం లేదు. ఎవరూ అడగకముందే, అనుమానం వచ్చి, నమూనాలన్నీ మళ్లీ పరీక్షించింది.

ఫెలోషిప్ గడువు దగ్గరపడుతున్న పరిశోధకురాలికి వ్యాసం వెనక్కి తీసుకోవడమంటే ఉద్యోగావకాశం చేజారినట్టే. అలాంటప్పుడు నిజం చెప్పిన వాళ్ల మీద ఆ నష్టమంతా పడకుండా చూడడమే మార్గదర్శకుడి అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను. మార్గదర్శనమంటే వ్యాసం దిద్దడం, సిఫారసు ఉత్తరం రాయడం అనుకునే వారితో నేను ఏకీభవించలేను. ఆమెకు మరో ఏడాది పని కల్పించాం. ఆ బఫర్‌ను పరీక్షించి చూడవలసిన రసాయన విభాగం, ఆ అంకెలు అంత చక్కగా ఎందుకున్నాయని అడగవలసిన నేను, ఆ పొరపాటులో మా పాలు మేము అందరి ముందు ఒప్పుకున్నాం. సరిదిద్దిన వ్యాసంలో మొదటి పేరు ఆమెదే.

ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లినప్పుడు నేనూ ఆమె వెంట వెళ్లాను. ముందు చెప్పిన అంకె తప్పని, ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడవద్దని, కుళాయి నీళ్లు వచ్చిన రోజే నిల్వ చేసుకోవాలని ప్రతి గడపలో చెప్పింది. కొందరు కోపపడ్డారు; ఆమె తలవంచుకుని విన్నది. మర్రిగూడ పెద్దమ్మ మాత్రం పాత కాగితం, కొత్త కాగితం రెండూ అడిగి తీసుకుని, పాతదాని మీద అడ్డంగా గీత కొట్టించుకున్నది. తరువాత రెండింటినీ కలిపి మడిచి, రేషన్ కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నది.